మొగలిలంక జనాభా లెక్క

మొగలిలంకలో మనుషులు లేరు. ఈ సంగతి నాకు అక్కడి మనుషులే చెప్పారు.

గోదావరి సముద్రంలో కలవబోయే చోట ఏటి మధ్యలో ఉన్న దీవి అది. కొబ్బరి, అరటి, పనస, పంపర పనస, గట్టు పొడుగునా మొగలి పొదలు. ఈవలి ఒడ్డు నుంచి చూస్తే నీళ్ళ మీద పచ్చటి దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. ద్వీప విహార మండలి అనే ఆఫీసు దానికి 'నిర్జన హరిత ద్వీపం' అని పేరు మార్చి, రోజుకో బృందాన్ని మోటారు పడవలో తీసుకెళ్ళి చూపించి సాయంత్రానికి దింపేస్తోంది. మా పేట వయోజన విద్యా కేంద్రంలో కిందటేడు పరీక్ష పాసైన ఆడవాళ్ళం ఇరవై నలుగురం. పాసైనందుకు బహుమానంగా మాకు ఈ యాత్ర రాసిపెట్టారు.

పొద్దున్నే రేవులో మండలి అధికారి విద్యాసాగర్ గారు మైకు పుచ్చుకున్నారు. మేం రెండు గజాల దూరంలోనే ఉన్నాం.

"ఆత్మీయ సందర్శకులారా! మరికొద్ది సేపట్లో మీరు సృష్ట్యాది నాటి నిశ్శబ్దంలోకి పాదం మోపబోతున్నారు. మానవ సంచారరహితమైనదీ, మానవ హస్తస్పర్శ ఎరుగనిదీ అయిన ఈ ద్వీపానికి వరసగా రెండేళ్ళు ఉత్తమ నిర్జన ద్వీపం పురస్కారం లభించిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను."

మా మంగతాయారు చెయ్యెత్తింది. బళ్ళో కూడా దానిది అదే అలవాటు. "అయితే బాబూ, అక్కడ మరుగుదొడ్డి ఉందా?"

"ఉంది. అత్యాధునికమైనది."

"ఎవరు కట్టారు మరి?"

"మండలి కట్టింది. నిబంధనల ప్రకారం మండలిని మనుషుల కింద పరిగణించరాదు."

తరవాత లెక్క గురించి చెప్పారు. ఆ మధ్య ఎవరో పెద్దమనిషి కొబ్బరిచెట్టు కింద నిద్రపోయి లంకలోనే ఉండిపోయాడట. తెల్లవార్లూ ఒక మనిషి ఉన్నందువల్ల ఆ ఒక్కరోజూ ద్వీపం నిర్జనం కాకుండా పోయిందని పైవాళ్ళు విద్యాసాగర్ గారిని సంజాయిషీ అడిగారట. అప్పటి నుంచీ ఎంతమంది వెళ్తే అంతమందే రావాలి. ఒకరు తగ్గకూడదు, ఒకరు పెరగకూడదు. ఒక్కొక్కరికీ నంబరు వేసిన నారింజరంగు లైఫ్ జాకెట్ ఇచ్చి, రిజిస్టరులో ఆ నంబరుకి ఎదురుగా పేరూ వయసూ, భర్త వివరమూ, చిరునామా రాయించుకున్నారు. వెళ్ళేటప్పుడు ఒక సంతకం, వచ్చేటప్పుడు ఒక సంతకం. నాది పదిహేడో నంబరు. పితాని అచ్చాయమ్మ, అరవై మూడేళ్ళు.

సరంగు పోలయ్య పడవ నడుపుతున్నాడు. ఏటి మధ్యకి రాగానే మూడుసార్లు హారన్ కొట్టాడు.

"పక్షులకు మన రాకను తెలియజేస్తున్నారండి," అంది మేఘమాల. మాకు అన్నీ చూపించి చెప్పడానికి మండలి పెట్టిన పిల్ల ఆమె. పాతికేళ్ళు ఉండవు. పాఠం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది.

"అవునండి," అన్నాడు పోలయ్య చుక్కానికి చెప్పినట్టు తల వంచుకుని. "పక్షులు పొయ్యిలు ఆర్పుకోవాలి కదండీ."

లంకలో దిగగానే పెద్ద బోర్డు. నాకు బోర్డు కనబడితే చదవకుండా కాలు సాగదు. 'ఈ ద్వీపంలో మనుషులు లేరు. వారికి ఆహార పదార్థాలు ఇవ్వరాదు' అని ఉంది. రెండుసార్లు చదివాను. చదవడంలో పొరపాటు లేదు.

అక్కణ్ణుంచి వరసగా చూపించుకుంటూ పోయారు. చూడాల్సిన చోటే, కాదనను. కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ చిల్లరగా పడుతోంది. పనసకాయలు చెట్టు మొదట్లోనే వేలాడుతున్నాయి. ఎటు చూసినా ఆకుపచ్చే. ఆ పచ్చదనం మధ్య ఒక పెంకుటిల్లు. దాని ముందు 'పురాతన శిథిల గృహం. కాలం నిర్ధారించబడలేదు' అని బోర్డు. గుమ్మం ముందు ముగ్గు ఉంది. పక్కన దండెం మీద చీర నీళ్ళోడుతోంది.

మంగతాయారు వంగి ముగ్గు మీద వేలు పెట్టింది. "ఇంకా తడి ఆరలేదే అచ్చాయమ్మా."

"ఇక్కడి తేమ వాతావరణంలో ప్రాచీన చిత్రలేఖనాలు చెక్కుచెదరవండి," అంది మేఘమాల.

కాస్త ముందుకెళితే 'అడవి గేదె, సమీపించుట ప్రమాదకరం' అన్న బోర్డు కింద ఒక గేదె నెమరేస్తోంది. మా బృందంలో కొండమ్మొదిన జన్మంతా పాడి మీదే బతికింది. ఆవిణ్ణి చూడగానే ఆ క్రూరమృగం మెడలో గంట మోగించుకుంటూ వచ్చి మోచెయ్యి నాకడం మొదలుపెట్టింది.

"దీనికి ముక్కుతాడు ఎవరు పోశారే అమ్మాయ్?" అంది కొండమ్మొదిన.

మేఘమాల గేదె ముక్కుకేసి చూసింది. ఇది పాఠంలో లేదనుకుంటాను. "అది... సహజ పరిణామం అండి."

"పొద్దున్న పాలు కూడా సహజంగానే తీసేసినట్టున్నాయి," అని కొండమ్మొదిన పొదుగు చూసి తేల్చేసింది.

తరవాత ఒక బల్ల మీద ఇరవై నాలుగు బొండాలు. పైన చెక్కి, బొప్పాయి కాడ గొట్టాలు గుచ్చి, వరసగా నిలబెట్టి ఉన్నాయి. దాని బోర్డు 'ప్రకృతి ప్రసాదం'. చెట్టు మీంచి రాలేటప్పుడే అలా పడతాయని చెప్పారు. మేం దాహం మీద ఉన్నాం, ఎవరం వాదించలేదు. ఒడ్డు నుంచి తెచ్చిన పొట్లాల భోజనం తింటూంటే ఎటునుంచో చేపల పులుసు వాసన గుప్పున వచ్చింది.

"ద్వీపానికి సహజమైన పరిమళం," అన్నారు విద్యాసాగర్ గారు కళ్ళు మూసుకుని.

"పరిమళంలో మెంతులు కాస్త ఎక్కువయ్యాయండి," అంది మంగతాయారు.

అప్పుడు వినిపించింది ఆ కేక.

అరటితోట వెనకనుంచి సన్నగా మొదలై గట్టిగా లేచి మధ్యలో తెగిపోయింది. ఎవరో నోరు మూసినట్టు. మేఘమాల మొహం తెల్లబడింది, అయినా పాఠం వదల్లేదు. "ఇది... ఈ ద్వీపంలో మాత్రమే కనిపించే ఒక అరుదైన పక్షి కూత అండి. సాధారణంగా..."

మళ్ళీ వచ్చింది కేక. మేం ఇరవై నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అందరం కలిపి ఎనభైమంది పిల్లల్ని కన్నవాళ్ళం.

"ఆ పిట్టకి తొలికాన్పులా ఉందే," అంది మంగతాయారు లేచి నిలబడుతూ.

కేక వచ్చిన వైపు నడిచాం. అరటితోట చివర తాటాకు తడికలు గోడలా కట్టి ఉన్నాయి. వాటి మీద 'ప్రవేశం నిషిద్ధం. ఇక్కడ ఏమీ లేదు' అన్న బోర్డు. కొండమ్మొదిన తడిక తోసింది.

లోపల నలభై మందికి పైగా జనం నేల మీద వరసలు కట్టి కూర్చుని ఉన్నారు. ఆడా మగా, అంతా పెద్దవాళ్ళే. ఒకరూ కదలడం లేదు, మాట్లాడటం లేదు. ఒకాయన ఒళ్ళో ఆర్పేసిన పొయ్యి మీంచి దించిన పులుసు కుండ ఉంది.

"ఎవరు మీరంతా?" అంది మంగతాయారు.

"మేం లేమండి," అంది ముందు వరసలోని ముసలమ్మ ఎంతో మర్యాదగా. "నాలుగింటికి మీ పడవ వెళ్ళాక ఉంటాం."

ఆవిడ పేరు పాపాయమ్మ. ఆవిడ వెనక చాప మీద కోడలు నూకరత్నం, ఇరవై రెండేళ్ళ పిల్ల, చీరకొంగు నోట్లో కుక్కుకుని మెలికలు తిరుగుతోంది. మొగుడు ఏసుబాబు తల దగ్గర కూర్చుని అరటాకుతో విసురుతున్నాడు. చేతిలో ఇంకా బొండాలు చెక్కే కత్తి ఉంది. ప్రకృతి అంటే అతనే అని అప్పుడు తెలిసింది.

"ఎప్పటి నుంచమ్మా నొప్పులు?" అన్నాను.

"తెల్లారగట్ట నుంచి. ఇంకా పదిహేను రోజులుందనుకున్నాం. వారం ముందు ఏదోలా అవతలి గట్టుకి చేర్చేద్దామనుకున్నాం." పాపాయమ్మ గొంతు తగ్గించింది. "ఈ లంకలో కాన్పులన్నీ నా చేతి మీదే జరిగాయండి. కానీ దీనికి కాళ్ళు ముందొస్తున్నాయి. ఇది నా చేతిలో పని కాదు. ఆసుపత్రికి చేరకపోతే ఇద్దరూ దక్కరు."

"మరి తీసుకెళ్ళరేం?"

"ఎలా తీసుకెళ్తాం? మేం లేం కదండీ."

ఇదీ సంగతి. రెండేళ్ళ కిందట వరదలొచ్చినప్పుడు లంకంతా ఖాళీ చేయించి అందర్నీ అవతల బడిలో వారం రోజులు ఉంచారట. సరిగ్గా ఆ వారంలోనే మండలి వాళ్ళు మోటారు పడవేసుకుని జనాభా లెక్కకి వచ్చారు. ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టారు. ఎవరూ పలకలేదు. నిజాయితీగా 'సున్న' అని రాసుకుపోయారు. ఆ సున్నకే పురస్కారం వచ్చింది. నీళ్ళు తగ్గి వీళ్ళు ఇళ్ళకొచ్చి, మేమున్నామని అర్జీ పెడితే, పురస్కారం వచ్చేసిన లెక్కని మార్చే ఫారం లేదన్నారు. లేని ఊరికి రేవు పడవ ఎందుకని పడవ ఎత్తేశారు. బడి ఎత్తేస్తే పిల్లల్ని అవతలి గట్టు మీద మేనమామల ఇళ్ళల్లో పెట్టుకున్నారు. సొంత నావలు ఉంటే వాటిని పట్టుకెళ్ళి రేవు దగ్గర గాజు గదిలో పెట్టి 'ఆదిమానవులు వాడిన పడవలు' అని బోర్డు రాశారు.

విద్యాసాగర్ గారు రొప్పుతూ వచ్చారు. తడిక లోపలికి చూసి వెంటనే కళ్ళు పక్కకి తిప్పుకున్నారు.

"అమ్మా, మీరిప్పుడు చూస్తున్నదాన్ని మీరు చూడటం లేదు. దయచేసి తోట వైపు కదలండి. తరవాతి అంశం సీతాకోకచిలుకలు."

"ఈ పిల్లని మన పడవలో ఎక్కించండి బాబూ," అన్నాను.

"ఏ పిల్లనమ్మా?"

నూకరత్నం అరిచింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆయన చెమట తుడుచుకుని ఫోను తీసి, పైవాళ్ళకి చేశారు. పాపం, ఆయనేం చెడ్డవాడు కాదు.

"సార్, నమస్కారం సార్. ఒక చిన్న పరిస్థితి సార్. ఒకావిడకి పురిటినొప్పులు... లేదు సార్, మన సందర్శకురాలు కాదు సార్. ద్వీపంలో... అవును సార్, ద్వీపంలో ఎవరూ లేరు సార్. ఆ లేని ఆవిడకే సార్... అవును సార్, లేకపోయినా గట్టిగానే అరుస్తున్నారు సార్."

అవతల చాలాసేపు మాట్లాడారు. ఫోను పెట్టేసి ఆయన మావైపు తిరిగారు.

"పైవారు ఎంతో సానుభూతితో ఒక మార్గం సూచించారు. మనిషి అంటే ద్వీపం హోదా పోతుంది. అదే వన్యప్రాణి అని నమోదు చేస్తే ఒడ్డుకు తరలించడానికి నాకు పూర్తి అధికారం ఉంది. పశువైద్యుణ్ణి కూడా పిలిపించవచ్చు. కాకపోతే బోను కావాలి. బోను జిల్లా కేంద్రంలో ఉంది. రేపు మధ్యాహ్నానికి..."

పాపాయమ్మ అంతవరకూ గుసగుసగానే మాట్లాడింది. ఇప్పుడు లేచి నిలబడింది.

"నా కోడల్ని బోనులో పెడతావుట్రా? ఒరే, నువ్వు బొండాలు తాగి బాగున్నాయని మెచ్చుకున్నావే, అవి చెక్కింది దాని మొగుడు! నువ్వు ఆ బల్ల మీద కూచుంటే గుచ్చుకోకుండా చాప అల్లింది అది! ఇది వన్యప్రాణి అయితే నువ్వేంట్రా?"

"నన్ను దూషించినట్టు కూడా నమోదు చేయలేను," అన్నారాయన దీనంగా. "దూషించినవారు ఎవరూ లేరు."

పొద్దు తిరుగుతోంది. నూకరత్నం అరుపు తగ్గి మూలుగులోకి దిగింది. మా కొండమ్మొదిన పిల్ల పొట్ట మీద చెయ్యేసి చూసి నాకేసి తల అడ్డంగా ఊపింది. అరుపుకన్నా మూలుగు ప్రమాదమని పాడి చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

"బాబూ," అన్నాను, "మాలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు?"

ఆయన మొహం వెలిగింది. నిబంధన తెలిసిన ప్రశ్న అడిగితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. "పన్నెండో నిబంధన. సందర్శకులు అస్వస్థులైతే పడవను పూర్తి వేగంతో నడిపించి, రేవులో అంబులెన్సును సిద్ధంగా ఉంచి, రిజిస్టరులోని వివరాలు రాసిన మండలి పత్రంతో ప్రభుత్వాసుపత్రికి చేర్చవలెను. అందులో క్షణం ఆలస్యాన్ని నేను సహించను."

"సందర్శకులని ఎలా గుర్తుపడతారు?"

"లైఫ్ జాకెట్ నంబరును బట్టి."

"లోపలున్న మనిషిని చూడరా?"

"లోపలి మనిషి గురించి నిబంధనల్లో ఎక్కడా లేదు."

నేను నా లైఫ్ జాకెట్ పట్టీలు విప్పాను.

ఆయన నా చేతులకేసి చూశారు. నూకరత్నంకేసి చూశారు. తరవాత మొట్టమొదటిసారి ఆ రోజంతటిలో ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఒక పని చేశారు. కొబ్బరిచెట్ల తలలకేసి తిరిగి నిలబడి, "సీతాకోకచిలుకలు ఈ పూట ఆలస్యంగా వస్తాయి. నేను రెండు నిమిషాలు వాటి కోసం నిరీక్షిస్తాను," అన్నారు.

పొట్ట మీద పట్టీలు అందలేదు. పైపట్టీ ఒకటే బిగించాం. ఏసుబాబూ ఇంకో ఇద్దరూ పిల్లని చాపతో సహా ఎత్తి రేవుకి తెచ్చారు. మా ఆడవాళ్ళు చుట్టూ దడిలా నడిచారు. విద్యాసాగర్ గారు రిజిస్టరు తెరిచి, పదిహేడో నంబరు ఎదురుగా వచ్చేటప్పటి గడి నా ముందు పెట్టారు. ఆ పిల్ల పెన్ను పట్టే స్థితిలో లేదు, పైగా సంతకం వెళ్ళేటప్పటి దానితో కలవాలి. లంకలో నిలబడి, ఒడ్డుకి క్షేమంగా తిరిగి వచ్చానని సంతకం పెట్టాను. చదువుకునేటప్పుడు ఇలాంటి వాటికి కూడా పనికొస్తుందని మా పంతులమ్మ చెప్పలేదు.

ఏసుబాబు పడవ అంచు పట్టుకుని వదల్లేదు. "అయ్యా, నేను కూడా..."

"ఇరవై అయిదు అవుతుంది," అన్నారు విద్యాసాగర్ గారు.

ఏసుబాబు చెయ్యి తీసేశాడు. ఆయన నారింజరంగుని వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఇరవై నాలుగు దగ్గర ఆగి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. "లెక్క సరిపోయింది! పదిహేడో నంబరు పితాని అచ్చాయమ్మ గారికి తీవ్ర అస్వస్థత. పోలయ్యా, పన్నెండో నిబంధన!"

పడవ కదులుతూంటే మంగతాయారు అరిచింది. "ఒసే అచ్చాయమ్మా, ఏటిగాలిలో తిరిగి జ్వరం తెచ్చుకోకే! అక్కడ మందిచ్చేవాళ్ళు కూడా ఉండరు!"

"అచ్చాయమ్మ గారు పడవలోనే ఉన్నారు," అన్నారు విద్యాసాగర్ గారు. "ఖాళీ ద్వీపం కేసి కేకలు వేయకండి."

ఆ విధంగా నేను కూడా లేకుండా పోయాను.

పడవ పోయాక లంకలో పొయ్యిలు అంటుకున్నాయి. నాకు పులుసన్నం పెట్టారు. మెంతులు ఎక్కువే. పాపాయమ్మ మాత్రం ముద్ద ముట్టలేదు. గట్టు మీద మొగలి పొద పక్కన అవతలి ఒడ్డుకేసి చూస్తూ కూర్చుంది. ఏసుబాబు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఎంతమంది పిలిచినా రాలేదు. అవతలి ఒడ్డు అక్కడికి రెండు కేకల దూరం. లేని ఊళ్ళో ఫోను కూడా లేదు, అటునుంచి కబురు వచ్చే దారి మర్నాటి పడవ ఒక్కటే.

మర్నాడు మూడు హారన్లు వినిపించగానే పొయ్యిలు ఆర్పేసి అందరం తడిక వెనక్కి పరిగెత్తాం. నన్ను మూడో వరసలో కూర్చోబెట్టారు. కదలకుండా ఉండటం ఎలాగో పక్కన కూర్చున్నాయన నేర్పాడు. కాళ్ళు తిమ్మిరెక్కితే బొటనవేలు నొక్కుకోవాలట. పోలయ్య మా దగ్గరికి రావడానికి వీల్లేదు. వెంట ఇరవై నలుగురు కొత్త సందర్శకులు ఉన్నారు. వాళ్ళ అడుగుల చప్పుడు అరటితోట దగ్గరికి వచ్చింది. అప్పుడు పోలయ్య గొంతు, ఏటికి అవతలున్నవాడికి చెబుతున్నంత గట్టిగా.

"ఏవండోయ్, విన్నారా? నిన్న మా పడవెక్కిన అరవై మూడేళ్ళ ఆవిడ ప్రసవించిందండి! పెద్దాసుపత్రిలోనండి! కోసి తీశారండి! ఆడపిల్లండి! తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమమండి! ఆయ్!"

సందర్శకులు ముక్కున వేలేసుకుని ఉంటారు. మాకు కనబడలేదు. తడిక వెనక మేం నలభై నలుగురం, ఒక్కరం కూడా చప్పుడు చెయ్యకూడదు. పాపాయమ్మ చీరచెంగు మొత్తం నోట్లో కుక్కుకుని భుజాలు ఎగరేసుకుంటూ ఏడ్చింది. ఏసుబాబు నా రెండు పాదాలూ పట్టుకున్నాడు. లే నాయనా అని అనడానికి కూడా నాకు నోరు లేదు. అంతమంది అంత సంతోషాన్ని అంత నిశ్శబ్దంగా అనుభవించడం నేనెక్కడా చూడలేదు. ఉత్తమ నిర్జన ద్వీపం పురస్కారం ఊరికే రాలేదు.

వారం తరవాత నూకరత్నం సందర్శకురాలిగా పేరు రాయించుకుని పడవెక్కి వచ్చింది. అయిదేళ్ళలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ లేదు, అందువల్ల లెక్కలో లేరు. పిల్ల ఆమె చంకలో లెక్క లేకుండానే దిగింది. లైఫ్ జాకెట్ నేను తొడుక్కుని, ఇరవై నాలుగులో ఒకదాన్నై ఇంటికొచ్చేశాను. పిల్లకి నా పేరు పెడతామన్నారు. ఆ పేరుతో ఇప్పటికే చాలా తిప్పలున్నాయి, వద్దని చెప్పాను.

ఆ తిప్పలు ఇంటిదాకా వచ్చాయి. ఆరోగ్యశాఖ కార్యకర్త వరహాలు చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడింది.

"అచ్చాయమ్మ గారు మీరేనాండీ? బాలింత! అలా వంగి ఊడవకూడదండి. కుట్లు ఆరాయా?"

సంగతంతా చెప్పాను. వరహాలు శ్రద్ధగా విని, కాగితం తీసి చూపించింది. తల్లి పితాని అచ్చాయమ్మ, వయసు అరవై మూడు, తండ్రి కీర్తిశేషులు. ఆసుపత్రిలో నూకరత్నం నిజమే చెప్పిందట. మండలి పత్రంలో ఉన్న పేరు మార్చే అధికారం తనకి లేదని నర్సు చెప్పిందట. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ గడి చూసి కూడా ఏ డాక్టరూ కలం ఆపలేదు.

"కథ ఎలా ఉన్నా బిడ్డకి టీకా వెయ్యాలి కదండీ. బిడ్డేదండీ?"

"లంకలో ఉంది."

"ఎవరి దగ్గర?"

"అక్కడ ఎవరూ లేరు. కావాలంటే విహార మండలిని అడుగు."

అడిగారు. నెలరోజుల్లో మూడు నోటీసులు వచ్చాయి నాకు. బిడ్డని హాజరుపరచకపోతే దాచిన నేరం కింద చర్య తీసుకుంటామని. మంగతాయారు వాటిని వీధి అంతటికీ చదివి వినిపించి, "ఈ వయసులో కన్నది చాలక దాచిపెట్టావుటే" అని బుగ్గలు నొక్కుకుంది. ఈలోగా ఆరోగ్యశాఖ వాళ్ళ ఉత్తరానికి మండలి జవాబిచ్చింది. సదరు ద్వీపంలో మనుషులెవరూ లేరని మరొకసారి ధ్రువీకరించడమైనది, అయితే అయిదేళ్ళలోపు శిశువులు మండలి లెక్కల పరిధిలోకి రారు, అని.

వైద్యాధికారి నన్ను వెంటబెట్టుకుని లంకకి వెళ్ళాడు. పిల్ల నూకరత్నం ఒళ్ళో ఉంది. ఆయన పిల్లకి టీకా వేశాడు, తూకం చూశాడు. ఎత్తుకున్న మనిషిని చూశాడు, చేతిలోని మండలి ధ్రువీకరణని చూశాడు. ప్రభుత్వ కాగితాన్ని కాదనే ధైర్యం ఆయనకి లేదు. రిజిస్టరులో రాసుకున్నాడు: మొగలిలంక. శిశువులు ఒకటి. పెద్దలు లేరు.

తరవాత జరిగినవి ఎవరూ ఆపలేనివి. రెండు నెలల బిడ్డ దీవిలో ఒంటరిగా ఉన్నట్టు శిశు సంక్షేమ శాఖకి కాగితం వెళ్ళింది. శిశువు ఉన్నచోట అంగన్‌వాడీ ఉండాలి, పెట్టారు. అంగన్‌వాడీకి టీచరు రోజూ వెళ్ళిరావాలి, పొద్దునా సాయంత్రం పడవ వేశారు. విద్యాసాగర్ గారు కూడా అభ్యంతరం చెప్పలేదు. ద్వీపం హోదాకి భంగం లేదు కదా. రెండు నెలల పిల్ల ఒంటరిగా వండుకుని, ఉతుక్కుని, పడుకుంటోందంటే ఎలా అని మాత్రం ఆ మూడు ఆఫీసుల్లో ఒక్కరూ అడగలేదు.

కొత్త పడవకి కొత్త నిబంధన: 'ద్వీపం నుండి శిశువును, శిశువునకు సంబంధించిన సామగ్రిని మాత్రమే ఎక్కించుకొనవలెను.' మొదటిరోజు వరహాలుతో పాటు నేనూ వెళ్ళాను. పిల్లకి రెండో టీకా ఉంది. రేవులో లంక జనమంతా ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడ్డారు. అవతలి ఒడ్డునున్న పిల్లల్ని రెండేళ్ళుగా చూడనివాళ్ళు, పళ్ళు పీకించుకోవాల్సినవాళ్ళు, అర్జీ పట్టుకున్నవాళ్ళు. ఈ పడవకి కూడా సరంగైన పోలయ్య అంచున కూర్చుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీశాడు.

ముందు పిల్లనెత్తుకుని నూకరత్నం వచ్చింది.

"శిశువు ఒకటి," అన్నాడు పోలయ్య. "నువ్వేంటమ్మాయ్?"

"పాలు," అంది నూకరత్నం.

"ఎక్కు."

ఏసుబాబు ఊయల అన్నాడు, ఎక్కాడు. పులుసు కుండాయన గొడుగు అన్నాడు. ఒకామె దుప్పటినంది. అలా అందరూ ఎక్కి కూర్చున్నాక చివర పాపాయమ్మ మిగిలింది. గట్టు మీద నిలబడి చాలాసేపు ఆలోచించింది.

"ఊఁ, త్వరగా చెప్పు అత్తా, నువ్వేం సామానువి?" అన్నాడు పోలయ్య.

"నేనా?" అంది పాపాయమ్మ, రెండేళ్ళుగా మింగి దాచుకున్న గొంతు మొత్తం ఒక్కసారి బయటికి తీసి, అవతలి ఒడ్డుదాకా వినబడేలా. "నేను దాని గిలక్కాయనిరా!"

పిల్ల ఉలిక్కిపడి లేచి, ఏడవబోయి, నవ్వింది. పోలయ్య పుస్తకంలో గిలక్కాయ ఒకటి అని రాసుకుని, చెయ్యి అందించాడు.